నెలకు రెండుసార్లా, రెండు నెలలకొకసారా?

సందేహం: మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశాలు ఇకపై ‘బైమంత్లీ’గా జరుగుతాయని నోటీసు అంటించారు. నెలకు రెండుసార్లని కొందరు, రెండు నెలలకొకసారని కొందరు వాదిస్తున్నారు. ఏది ఒప్పు? ‘కంటిన్యువస్’, ‘కంటిన్యువల్’ ఒకటేనా?

సమాధానం: వాదిస్తున్న ఇరువర్గాలదీ ఒప్పే, తప్పు నోటీసు రాసినవారిది. ‘బై’ అనే లాటిన్ ఉపసర్గ రెండు అని చెబుతుందే గాని, ఆ రెండు నెలలకు అన్వయించాలో, సార్లకు అన్వయించాలో చెప్పదు. అందుకే ఇంగ్లీషు నిఘంటువులు రెండర్థాలనూ పక్కపక్కనే ఇచ్చి ఊరుకుంటాయి. రిజర్వు బ్యాంకు పరపతి విధాన సమీక్షకు ఇదే మాట వాడి, రెండు నెలలకొకసారి జరుపుతుంది. దాన్నే మన పత్రికలు ‘ద్వైమాసిక’ సమీక్ష అంటే ఎవరికీ అనుమానం రాదు. ‘బయాన్యువల్’ ఏడాదికి రెండుసార్లు, ‘బయెన్నియల్’ రెండేళ్లకొకసారి. వాటి సంగతి ఇంతే.

మళ్లీమళ్లీ వచ్చేవాటి పేర్ల మర్మం తెలియాలంటే జ్వరాలను పరామర్శించాలని నా నమ్మకం. పాతకాలపు ఐరోపా వైద్యులు చలిజ్వరాన్ని ‘క్వోటిడియన్’, ‘టెర్షియన్’, ‘క్వార్టన్’ అని విభజించారు. మొదటిది రోజూ వచ్చేది. ‘టెర్షియన్’ అంటే మూడోది; అది తిరగబెట్టేదేమో 48 గంటలకు, అంటే రోజు విడిచి రోజు. మరి మూడెక్కడిది? రోమనులు లెక్క మొదలైన రోజును కూడా కలుపుకొనేవారు కనుక, సోమవారం వణికించిన జ్వరానికి బుధవారం మూడోనాడు. అదే లెక్కన 72 గంటలకు వచ్చే ‘క్వార్టన్’ నాలుగోనాటిది. మన చరకసంహిత ‘తృతీయక’, ‘చతుర్థక’ జ్వరాల పేర్లలోనూ ఈ లెక్కే ఉంది. ఇవాళ, రేపు, ఎల్లుండి అని వేళ్లు మడిచి ‘మూడోనాడు’ అనే మన ముసలమ్మలదీ ఇదే.

షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ రెండో అంకంలో క్విక్లీ అనే ఇల్లాలు, ఫాల్‌స్టాఫ్ జబ్బుపడ్డాడని మొత్తుకుంటూ, ఆయన్ను ‘క్వోటిడియన్ టెర్షియన్’ పట్టి కుదిపేస్తోందంటుంది. రోజూ వచ్చే జ్వరమూ, రోజు విడిచి రోజు వచ్చే జ్వరమూ ఒకే ఒంట్లో ఒకటై కాయడమన్నమాట! చలిజ్వరం ఇంటి చుట్టమైన ఆనాటి ప్రేక్షకులు విరగబడి నవ్వే ఉంటారు. (ఆ జ్వరపు క్రిమిని రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో పట్టుకున్నది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులోనే.) మీ నోటీసు రాసినవారు క్విక్లీ వారసులే, కాకపోతే ఆమె నవ్వించింది, వీరు తగువు పెట్టారు.

రెండో సందేహానికీ చరకుడే దిక్కు. రోజుల తరబడి విడవకుండా కాసేది ‘సంతత’ జ్వరం, రాత్రింబవళ్లలో రెండుసార్లు విజృంభించేది ‘సతత’ జ్వరం. ‘కంటిన్యువస్’ను సంతతంగా, అంటే ఎడతెగనిదిగా, ‘కంటిన్యువల్’ను సతతంగా, అంటే ఆగి ఆగి మాటిమాటికీ వచ్చేదిగా గుర్తుంచుకోండి. అయితే సంస్కృత కావ్యాల్లో ఆ రెండూ పర్యాయపదాలే. ఇంగ్లీషు రచయితలు కూడా ఈ గీతను అంత పట్టింపుగా పాటించలేదు కనుక, దాటినవారిని నేను తప్పుపట్టలేను.

తప్పుపట్టవలసింది మనవారిని. ‘మా వీధిలో కరెంటు రెగ్యులర్‌గా పోతోంది’ అంటే వేళ తప్పకుండా పోతోందని మెచ్చుకున్నట్టవుతుంది. ‘తరచు’ అనే మాట ఏం పాపం చేసింది? ‘రోజు విడిచి రోజు’ అని హాయిగా చెప్పగలిగినవాళ్లం నల్లా నీళ్లను ‘ఆల్టర్నేట్ డేస్‌’కు అప్పగించాం. ‘ప్రతి రెండు రోజులకొకసారి’ అనే వాక్యంలో ‘ప్రతి’ మోసే బరువేమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

ఇక మీ నోటీసు. పత్రికల విషయంలో ‘బైమంత్లీ’ అంటే రెండు నెలలకొకటి అనే అర్థమే ఎక్కువ కనబడుతుంది కనుక నా మొగ్గు అటే, కాని పందెం కాయను. సంఘం కార్యదర్శినే అడిగి చూడండి; ఆయనకైనా తెలిస్తే, ‘బైమంత్లీ’ కొట్టేసి తేదీలు వేయమనండి.