ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కోడ్ పెట్టి ఏడాదైంది, ఒక్కరూ రావట్లేదు. మనుషుల్ని ఎలా కూడగట్టాలి?

కోడ్ చూసి ఎవరూ రారండీ. తాము చెప్పిన మాట అందులో కనబడితే వస్తారు. ఇది నా అనుభవం.

మాది పలాస. చిన్నాన్న జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే ఆడవాళ్ల కూలి లెక్కకి ఒక ప్రోగ్రాం రాసి, ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సుతో, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టాను. కిలోకి ఇంత అని ఒకటే గడి. ఎనిమిది నెలలు ఎవరూ తొంగి చూడలేదు.

ఒకరోజు షెడ్డులో లాప్‌టాప్ తెరిచి చిన్నాన్నకి చూపిస్తున్నాను. పక్కనే పొట్టు తీస్తున్న అప్ప ఒకామె చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి వంగి చూసింది. "ఏటి బాబూ, గుండుకీ బద్దకీ ఒకటే రేటేటి? ఇందులో బద్ద నేదేటి?" అంటూ, విరిగిన బద్ద ఒకటి తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది. గుండంటే నిండు పప్పు, బద్దంటే రెండుగా విడిన సగం.

ఆ రాత్రే ఆమె మాటని ఉన్నది ఉన్నట్టు తెలుగులోనే ఇష్యూగా, అంటే ప్రాజెక్టు పేజీలో నమోదు చేసే సమస్యగా రాసి, గడులు విడదీసి, పొద్దున్నే చూపించాను. వారం తిరక్కుండా డిప్లొమా చదువుతున్న వాళ్లబ్బాయి ముక్కకి ఇంకో గడి కలిపి పంపాడు. తర్వాత కాశీబుగ్గ గుమస్తా ఒకాయన 240, 320 గ్రేడులు అడిగారు. పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలవి. ఇప్పుడు నలుగురం పనిచేస్తున్నాం.

లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కూడా 1991 ఆగస్టులో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్లని ముందు అడిగింది అందులో ఏం నచ్చింది, ఏం నచ్చలేదు అనే. కోడ్ రాయమని కాదు.

మన కాలేజీల్లో మాత్రం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక కామా మార్చి పంపి, సర్టిఫికెట్ కోసం దాన్నే కాంట్రిబ్యూషన్ అనిపించుకుంటున్నారు. చూస్తే కడుపు మండుతుంది. బగ్ చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మా ప్రాజెక్టుకి సాయపడినవాళ్ల జాబితాలో అప్ప పేరే మొదటిది, ఆమెని అడిగే పెట్టాం. ఇంకో మాట, చర్చంతా వాట్సాప్ గ్రూపులో జరిగితే కొత్తగా వచ్చినవాళ్లకి ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఎలా తెలుస్తుంది?

మీ రీడ్‌మీ ఇంగ్లీషులోనే ఉందా? ఈ రాత్రే తెలుగులో పది లైన్లు రాయండి. వాడేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి, వచ్చిన మొదటి ప్రశ్నకి ఆ రోజే జవాబివ్వండి.

అప్ప అడిగినది ఇంకొకటి మా దగ్గర మిగిలే ఉంది. కరెంటు లేని రోజు కాగితం మీద రాసుకున్న లెక్కని మర్నాడు ఎక్కించే దారి కావాలట. ఈ ఆదివారం నలుగురం దాని మీదే కూర్చుంటున్నాం.