పక్కింటి చెత్త మా పెరట్లో పడుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. ఇంటి వెనక చిన్న పెరడుంది, మల్లెపాదు, కరివేపాకు, నాలుగు వంగమొక్కలు వేసుకున్నాం. ప్రహరీ అవతల అపార్ట్‌మెంట్ లేచిన దగ్గర్నుంచి తెల్లారేసరికి కర్రీ పాయింట్ కవర్లు, డైపర్లు, ఒక్కోరోజు క్వార్టర్ సీసాలు మల్లెపాదులో పడుంటున్నాయి. మావారు పోగేసి తగలబెట్టేద్దాం అంటారు, అత్తయ్యగారేమో తిరిగి వాళ్ల గోడ మీంచే విసిరెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా. ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే విషపు పొగ ముందు మీ వంటింట్లోకే వస్తుంది, బూడిదేమో వంగమొక్కల మట్టిలో కలుస్తుంది. ఇక తిరిగి విసిరేస్తే తప్పు మీమీదకి కూడా వస్తుంది.

పడిన చెత్త ఏరోజుకారోజు తీసెయ్యండి, ఎందుకంటే చెత్త కనబడే చోటే ఇంకో నలుగురు వేస్తారు, పైగా వానాకాలం కప్పులో, కొబ్బరి చిప్పలో నీళ్లు నిలిస్తే వారం పదిరోజుల్లోనే డెంగీ దోమ తయారవుతుంది. ఉత్త చేతులతో మాత్రం వద్దు, ఆకుల కింద గాజుపెంకులుంటాయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఆ పెంకుల్ని పాత పేపర్లో గట్టిగా చుట్టి, చెత్తబండి అతనికి "గాజుంది బాబూ" అని చెప్పి మరీ ఇవ్వండి, పాపం వాళ్ల చేతులు తెగుతుంటాయి.

తీసేముందు ఫోటోలు తియ్యండి. కవర్ల మీద పార్సిల్ స్టిక్కరుందేమో చూడండి, ఫ్లాట్ నంబర్ కూడా దొరకొచ్చు. అది పట్టుకుని వాళ్ల అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా మాట్లాడండి, గ్రూపులో పెట్టి పరువు తియ్యకండి. చాలాసార్లు సంగతేంటంటే బండి వచ్చే టైముకి ఇంట్లో ఉండనివాళ్లే ఇలా విసిరేస్తుంటారు, సెల్లార్లో మూతున్న డ్రమ్ములు పెట్టించి వాచ్‌మన్‌తో బండికి ఇప్పిస్తే వాళ్ల ఇబ్బందీ తీరుతుంది. తడి, పొడి విడదీసి ఇవ్వాలని, డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల రూల్స్‌లోనే ఉంది, ఆ మాట కూడా చెప్పండి. వినకపోతే ఫోటోలు జతచేసి మీ వార్డు శానిటేషన్ సెక్రటరీకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, నోటిమాటగా వదిలెయ్యొద్దు.

ఈలోపు గోడ మీద పైపులు నిలబెట్టి గ్రీన్ షేడ్‌నెట్ కట్టించండి, కింది అంతస్తుల నుంచి వచ్చేవి చాలావరకు ఆగుతాయి. డైపర్ పగిలి జెల్ మట్టిలో పడినా, ట్యూబ్‌లైట్ పగిలినా ఆ పైమట్టి ఎత్తి తీసెయ్యండి, అక్కడ ఆకుకూరలు మాత్రం వెయ్యకండి.