ఎల్ ఆల్తో పాపను తెలుగులో ఏమనాలి

అమ్మలూ,

నీ ఉత్తరమూ, నువ్వు అనువాదం మొదలుపెట్టిన నాలుగు పేజీలూ అందాయి. బొలీవియాలోని ఎల్ ఆల్తో నగరంలో మినీబస్సు మీద పనిచేసే పన్నెండేళ్ల పాప తన రోజు ఎలా గడుస్తుందో చెప్పుకున్న కథ అది. చదివాక చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. "వోసియడార్" అనే మాట దగ్గర ఆగిపోయానని, "కండక్టర్" అని రాసేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు తల్లీ.

ముందు ఆ మాటను సరిగ్గా పలుకుదాం. స్పానిష్‌లో "వి" అక్షరాన్ని "బ" లాగే పలుకుతారు. లాటిన్ అమెరికాలో "ఇ" ముందు వచ్చే "సి" అక్షరం "స" అవుతుంది. కాబట్టి అది బోసెయదోర్. ఇంగ్లిష్ చదివినట్టు చదవకు. ఆడపిల్ల అయితే బోసెయదోరా. నీ మూడో పేజీలో మూలంలో అలాగే ఉంది, నువ్వు మాత్రం అక్కడ కూడా "కుర్రాడు" అని రాశావు. చూసుకో. "బోస్" అంటే గొంతు. గొంతెత్తి నలుగురికీ వినబడేలా చెప్పేది ఎవరో, వాళ్లు బోసెయదోర్.

ఈ మాటతో నేనొకసారి పొరపాటు చేశాను. మెక్సికోలో బోసెయదోర్ అంటే వీధిలో అరుస్తూ పేపర్లు అమ్మేవాడు. నా దగ్గరున్న నిఘంటువులో ఆ అర్థం ఒక్కటే కనిపించింది. ఒక బొలీవియా వ్యాసంలో "పేపర్ కుర్రాడు" అని రాసేశాను. బస్సు తలుపు దగ్గర పేపర్ కుర్రాడు డబ్బులు ఎందుకు వసూలు చేస్తున్నాడని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే దొరికిపోయేది. అచ్చయ్యాక చూసుకున్నాను, అప్పటికి చేతులు దాటిపోయింది. ఆ రోజు నుంచి స్పానిష్‌లో పనిపేరు ఏది కనబడినా, ఇది ఏ దేశం మాట అని ముందు అడుగుతాను. నువ్వూ అదే అలవాటు చేసుకో. బస్సు తలుపు దగ్గర ఉండే మనిషిని పెరూలో కొబ్రదోర్ అంటారు, వెనిజులాలో కొలెక్తోర్ అంటారు. గ్వాటెమాలాలో బ్రోచా అంటారు, మాటకు మాట చూస్తే అది రంగులు వేసే కుంచె! నిఘంటువు ఒక్కటే పట్టుకుంటే ఎక్కడికి పోతామో చూడు.

ఇక ఆ పాప పని. ఎల్ ఆల్తో దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. కింద గిన్నెలాంటి లోయలో లా పాస్ నగరం. రెండింటి మధ్యా తిరిగేవాటిలో ఎక్కువ పాత వ్యాన్లే, మినీబస్సులంటే అవే. బండి చాలాసార్లు డ్రైవరుది కాదు, రోజుకింత అని యజమానికి కట్టాలి. సీట్లు నిండితేనే అతనికి మిగిలేది. అద్దం మీద ఊళ్ల పేర్ల పలకలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పరుగున వచ్చేవాళ్లు అవన్నీ చదవలేరు. అందుకే ఒక గొంతు కావాలి. పక్కకు జరిగే తలుపు తెరిచి, సగం బయటికి వంగి "సేహా, సేహా, సేహా!" అని పిలవాలి, ఎక్కినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలి, చిల్లర ఇవ్వాలి, దిగేవాళ్లకు తలుపు తియ్యాలి. ఆ ఎత్తులో గాలి పల్చన, పొద్దున్నే చలి. రోజంతా అరవడం పిల్లల గొంతుకు ఎంత కష్టమో ఆలోచించు.

ఇప్పుడు "కండక్టర్" అని రాస్తే మన పాఠకుడికి ఏం కనిపిస్తుంది? ఆర్టీసీ బస్సు, యూనిఫాం, టికెట్లు కొట్టే టిమ్ మిషను, నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్. ఆ పాపకు ఇవేవీ లేవు. ఒక్క మాటతో ఆమెను ఉద్యోగస్తురాలిని చేసేశాం. "క్లీనర్" కొంత దగ్గరే, ఆ కుర్రాడు కూడా డ్రైవర్ ఇచ్చే డబ్బుల మీద బతికేవాడే. కానీ మనకు క్లీనర్ అంటే లారీ గుర్తొస్తుంది, వెనక నిలబడి "రానీ, రానీ" అనేవాడు. పైగా ఆ మాటలో అసలైన పని, ఆ పిలుపు, లేదు.

నువ్వు కొత్తగా కట్టిన "పిలుపరి" వినడానికి బాగుంది, ఆడా మగా తేడా కూడా రాదు. అయినా ఒప్పుకోలేను. కమ్మరి, కుమ్మరి పక్కన పెట్టి చదువు. తరతరాల వృత్తి పేరులా వినిపిస్తుంది. చిన్నపిల్లల చేత చేయిస్తున్న పనికి అంత స్థిరమైన పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు.

నేనైతే ఇలా చేస్తాను. మొదటిసారి వచ్చినప్పుడు "బోసెయదోరా, అంటే మినీబస్సు తలుపు దగ్గర నిలబడి ఊళ్ల పేర్లు కేకలేసే పిల్ల" అని పూర్తిగా రాస్తాను. ఆ తర్వాత "కేకలేసే పిల్ల", "కేకలేసే పిల్లలు". మన దగ్గర షేర్ ఆటోల వాళ్లు "కోఠీ కోఠీ కోఠీ" అని అరవడం విననివాళ్లు ఉండరు, పాఠకుడికి చెవిలో వెంటనే మోగుతుంది. పిల్ల అనే మాట మాత్రం ఎక్కడా జారిపోనివ్వకు.

పాప కేకలో వచ్చే సేహా అంటే కనుబొమ్మ. ఎల్ ఆల్తోలో లోయ అంచున ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. కేకలో దాన్ని తెలుగు చెయ్యకు, కేకలో ఉన్నది ఒక చోటు పేరు. పెరూ రాజధాని లిమా గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. అక్కడ "తోదో అరెకిపా!" అని అరిస్తే అరెకిపా నగరానికి వెళ్లే బస్సు అనుకోవద్దు, లిమాలోనే ఉన్న అరెకిపా రోడ్డు పొడుగునా పోతుందని. పాప డ్రైవర్ని "మాయెస్త్రో" అంటుంది కదా, నువ్వు "మాస్టారూ" అన్నావు. బడి గుర్తొస్తుంది, ఆ పాప విషయంలో అది మరీ నొప్పి. మన మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది, మాయెస్త్రోకు చుట్టమే, కానీ బండి నడిపేవాణ్ణి మనం మేస్త్రీ అనం. "డ్రైవరన్నా" అను.

నాలుగో పేజీలో పిల్లల పని గురించిన బొలీవియా చట్టం ప్రస్తావన ఉంది. 2014 జూలైలో వచ్చిన 548వ నంబరు చట్టం, కొన్ని షరతులతో, 10 ఏళ్ల నుంచి సొంతంగా, 12 ఏళ్ల నుంచి మరొకరి దగ్గర పని చేసుకోవచ్చంది. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మినహాయింపులను కొట్టేసింది, 2018 చివర్లో చట్టాన్ని సవరించి కనీస వయసును మళ్లీ 14 ఏళ్లకు తెచ్చారు. "క్వెంతా ప్రోపియా", "క్వెంతా అహేనా" అని వచ్చేవి ఈ తేడానే: తన సొంతంగా చేసే పని, మరొకరి కింద చేసే పని. "స్వయం ఉపాధి" అని రాయకు, అది మన దగ్గర బ్యాంకు లోను పథకాల భాష.

ఇంకొకటి. బొలీవియాలో పనిచేసే పిల్లలకు సొంత సంఘం ఉంది. వాళ్లు తమను "పనిచేసే పిల్లలం" అని చెప్పుకుంటారు. చట్టం మాట్లాడే చోట "బాల కార్మికులు" రాయి, ఆ పాప మాట్లాడే చోట ఆమె మాటే ఉంచు. పిల్లలు ఆ పని చెయ్యకూడదనే నా నమ్మకం. అయినా ఆ నమ్మకాన్ని ఆ పాప నోట్లో పెట్టే హక్కు నాకు లేదు, నీకూ లేదు.

టెన్షన్ పడకు. నాలుగు పేజీలూ మళ్లీ రాసి గట్టిగా చదువు, ముఖ్యంగా కేకలు. పాప మాట్లాడిన రికార్డింగ్ కూడా ఉందన్నావు కదా, అది నాకు పంపించు. "సేహా" మూడుసార్లు ఒకే ఊపులో అంటుందా, మధ్యలో ఊపిరి తీసుకుంటుందా వినాలి. దాన్ని బట్టి కామాలు పెడదాం.

ఆశీస్సులతో,
అత్తయ్య