స్పినోజా దేవుడూ అద్వైతమూ ఒకటేనా?

మీ గొడవ అర్థమైందండి. ఐన్‌స్టీన్ నమ్మింది స్పినోజా అనే 17వ శతాబ్దపు డచ్ తత్వవేత్త చెప్పిన దేవుణ్ణి, అది మన అద్వైతమే కదా, మరి నాన్నగారు రోజూ పూజ ఎందుకు చేస్తారు అని మీ ఫ్రెండ్ వాదన, మీకేమో సమాధానం దొరకలేదు. ఐన్‌స్టీన్ సంగతి నిజమే, 1929లో ఒక టెలిగ్రామ్‌లో ఆ మాటే అన్నాడు. తేడా కొట్టేది "మన అద్వైతమే" దగ్గర.

స్పినోజాకి దేవుడు, ప్రకృతి ఒకటే. ఈ చెట్టూ పుట్టా నిజం, మాయ కాదు, అంతా నియమం ప్రకారం నడుస్తుంది, మొక్కితే మారేదేమీ లేదు. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదులు ఆయన్ని వెలివేశారు, అప్పటికి 23 ఏళ్లే పాపం.

అద్వైతంలో శంకరులు చెప్పింది వేరు, నిజంగా ఉన్నది బ్రహ్మం ఒక్కటే అని. చీకట్లో తాడుని చూసి పామనుకుని గుండె దడదడలాడుతుంది, లైటు వేస్తే తాడే. పాము అబద్ధమే గానీ లైటు వేసేదాకా భయం మాత్రం అబద్ధం కాదు కదా! జగత్తూ అంతే. జ్ఞానం కలిగేదాకా మనం ఉండేది వ్యవహారంలోనే, అంటే ఈ రోజువారీ లోకంలోనే, అక్కడ ఈశ్వరుడున్నాడు, పూజ ఉంది, ఫలం కూడా ఉంది. నాన్నగారి హారతి పళ్లేనికి అద్వైతంతో పేచీ ఏమీ లేదు.

నన్నడిగితే స్పినోజాకి కాస్త దగ్గర విశిష్టాద్వైతం చెప్పిన రామానుజులే, ఎందుకంటే ఆయనకి జగత్తు నిజం, పైగా భగవంతుడి శరీరం. కాకపోతే రామానుజుల నారాయణుడు శరణంటే వింటాడు, స్పినోజా దేవుడు వినడు. వాదన మళ్లీ మొదలైతే ముందు "జగత్తు నిజమా, కాదా" అని మీ ఫ్రెండ్‌నే అడగండి.