ఎయిర్‌పోర్టు భోజనం సంగతి తర్వాత, ముందు ఆ రక్తం సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 54. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఈమధ్య ఒక ప్రయాణంలో విమానం మారడానికి నాలుగు గంటలు ఆగాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఓ చిన్న రెస్టారెంట్లో ఆ ప్రాంతపు సంప్రదాయ భోజనం చేశాను. విమానం ఎక్కగానే కడుపు ఉబ్బరించింది. మూడో రోజు జ్వరం, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. ఒకటి రెండుసార్లు రక్తం చారలుగా పడింది. ఇంట్లో ఉన్న, విరేచనాలు ఆపే లోపెరమైడ్, ఇదివరకు మిగిలిన యాంటీబయాటిక్ రెండు మాత్రలు వేసుకుంటే తగ్గింది. కాస్త నీరసం ఉంది, అంతే. వచ్చే వారం మళ్లీ అదే దారిలో వెళ్లాలి. అలాంటి చోట స్థానిక వంటలు తినవచ్చా? ఏవి ఎంచుకోవాలి?

జవాబు: మీరు తిండి గురించి అడిగారు. నా దృష్టి మాత్రం మధ్యలో మామూలుగా రాసేసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగింది. జ్వరం, దాంతోపాటు విరేచనంలో రక్తం. ఈ రెండూ ఉన్నప్పుడు లోపెరమైడ్ వేసుకోకూడదు. అది పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది తప్ప క్రిమిని చంపదు. బయటికి పోవాల్సినది లోపలే ఉండిపోతుంది. విరేచనాలు ఆగాయి కాబట్టి జబ్బు తగ్గిందనుకోవడానికి లేదు.

ఇక ఆ మిగిలిన యాంటీబయాటిక్. ఇలాంటి స్ట్రిప్పులు పేషెంట్లు నాకు తరచూ చూపిస్తుంటారు. అంచు కత్తిరించడంతో మందు పేరు సగం పోయి ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ మొత్తానికే ఉండదు. అప్పుడెప్పుడో దేనికి రాశారో వాళ్లకే గుర్తుండదు. రెండు మాత్రలంటే అది కోర్సు కాదు. పైగా కొన్ని రకాల ఈ-కోలై అనే బ్యాక్టీరియా ఉన్నప్పుడు యాంటీబయాటిక్ వేస్తే కిడ్నీలకు ముప్పు పెరిగే అవకాశం ఉంది. మీ విషయంలో అదే జరిగిందని నేను అనడం లేదు. ఏ క్రిమో తెలియకుండా మందు వేసుకున్నారని అంటున్నాను. ఇప్పుడు మలంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష చేసినా ఆ రెండు మాత్రల వల్ల క్రిమి దొరకకపోవచ్చు. ప్రయాణాల్లో వచ్చే విరేచనాలు చాలామందికి కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, యాంటీబయాటిక్ అక్కర్లేదు. అవసరమైన కొద్దిమందిలో మీరున్నారో లేదో తేల్చాల్సింది ఇంట్లో మందుల డబ్బా కాదు కదా!

రెండో సంగతి మీ రోజువారీ మందులు. ఒంట్లో నీరు పోతున్నప్పుడు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్, టెల్మిసార్టాన్ కలిస్తే కిడ్నీ మీద భారం పడుతుంది. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్‌తోనూ ఇబ్బందే, అరుదుగా రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరుగుతుంది. అందుకే వాంతులు, విరేచనాలు తీవ్రంగా ఉన్న రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపమని మేం చెబుతుంటాం. ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి. మందులు రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. ‘కాస్త నీరసం’ అన్నారు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, మూత్రం తక్కువగా, ముదురు రంగులో వస్తోందా అన్నది రాయలేదు. అలా ఉంటే ఈ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

షుగర్ ఉందని ఓఆర్‌ఎస్ తాగని వాళ్లున్నారు. సరిగా కలిపిన ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ తక్కువే, విరేచనాలప్పుడు తాగాల్సిందే. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. కూల్‌డ్రింకులు దానికి బదులు కావు.

ఆ భోజనమే కారణమా అంటే, చెప్పలేను. నిల్వ ఉన్న తిండిలో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం ఉంటే అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. మీకు మూడో రోజు వచ్చింది. వేరే బ్యాక్టీరియాలైతే, క్యాంపైలోబాక్టర్‌కు రెండు నుంచి ఐదు రోజులు, సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి ఆరు రోజులు పట్టవచ్చు. అంటే ఆ భోజనం కావచ్చు, దానికి ముందో తర్వాతో తిన్నది ఇంకేదైనా కావచ్చు. విమానంలో ఉబ్బరానికి మాత్రం వంటను తప్పుపట్టలేం. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. కడుపులోని గ్యాస్ పావు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది.

మీ అసలు ప్రశ్నకు వస్తే, సంప్రదాయ వంటా, శాండ్‌విచ్చా అన్నది క్రిములకు పట్టదు. ఎంతసేపు ఏ వేడిలో ఉందన్నదే లెక్క. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, వేడిగా ఉంచితే 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. అప్పటికప్పుడు వండి పొగలు కక్కుతూ తెచ్చింది తినండి. కౌంటర్ ట్రేలో గోరువెచ్చగా ఉన్నది, పచ్చిగా తినేవి, ముందే కోసి పెట్టినవి, ఐసు వద్దు. మళ్లీ వేడిచేసి ఇస్తామన్నా సరే అనకండి, స్టెఫైలోకాకస్ విషం ఆ వేడికి పోదు. పరిచయం లేని వంటకమైతే కొద్దిగానే తినండి. అందులో ఉప్పెంతో, పిండిపదార్థమెంతో మీకు తెలియదు.

అయితే వచ్చే వారం మీ ప్రయాణం ఖాయమని నేను అనుకోవడం లేదు. రక్తం చారలు మొలల వల్ల కూడా పడతాయి. కానీ 54 ఏళ్ల వయసులో మొలలేనని అనుకుని వదిలేయడం సరికాదు. మళ్లీ కనిపిస్తే పెద్దపేగును లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ అవసరం పడవచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. రెండు రోజుల్లోగా ఫిజీషియన్‌ను కలవండి. మల పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం, షుగర్ చేయిస్తారు. వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. ఈలోగా టికెట్ తేదీ మార్చుకోవడానికి ఎప్పటిదాకా గడువుందో చూసి పెట్టుకోండి.