ఎన్‌క్లెక్స్ పోయింది, మళ్ళీ రాయాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం, బెంగళూరులో మారతహళ్ళి దగ్గర పీజీలో ఉంటా, ఐసీయూలో నర్సుని. పోయిన నెల ఎన్‌క్లెక్స్ రాశా, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష అది, ఎక్కువలో ఎక్కువ వచ్చే 150 ప్రశ్నలూ వచ్చాయి, ఫెయిల్. నాన్నకి ఇంకా చెప్పలేదు, పుస్తకం తెరవబుద్ధి కావట్లేదు.

జవాబు: చెల్లీ, ముందు ఒక వారం పుస్తకం జోలికి పోకు, కడుపునిండా తిని నిద్రపో. 150 దాకా వెళ్ళావంటే నువ్వు పాసో ఫెయిలో కంప్యూటర్ చివరిదాకా తేల్చుకోలేకపోయిందన్నమాట, కనీస సంఖ్య 85 ప్రశ్నలకే పరీక్ష ఆగిపోయి తప్పినవాళ్ళకన్నా నువ్వు పాస్ గీతకి చాలా దగ్గర, ఇది ఓదార్పు మాట కాదు, ఆ పరీక్ష నడిచే పద్ధతే అది. ఫెయిలైనవాళ్ళకి పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఇస్తారు కదా, ఏ టాపిక్‌లో గీతకి పైన, ఏది దగ్గర, ఏది కింద అని, దాన్ని బయటికి తియ్యి, కింద ఉన్నవాటితో మొదలుపెట్టు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ప్రయారిటీ (ఏది ముందు చెయ్యాలి), డెలిగేషన్ (ఏ పని ఎవరికి అప్పజెప్పాలి) ప్రశ్నల్లోనే, ఎందుకంటే ఇక్కడ వార్డులో డాక్టర్‌ని అడిగి చేస్తాం, ఆ పరీక్షలోనేమో నర్సుగా నువ్వు ముందు ఏం చేస్తావని అడుగుతారు, మీ ఐసీయూ అలవాటుతో జవాబు పెడితే తప్పుతుంది. రోజూ కొన్ని ప్రశ్నలే చెయ్యి గానీ తప్పైన ప్రతిదానికీ ఎందుకు తప్పో రాసుకో. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు, అంటే ఒకే పేషెంట్ కథ మీద వరసగా వచ్చే ప్రశ్నలు కూడా ఉన్నాయి, ఒక్కోదానికి 6 ప్రశ్నలు, అవీ వదలకు.

మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, రిజిస్ట్రేషన్, ఫీజు మళ్ళీ కట్టాలి, కొత్త ఏటీటీ, అంటే పరీక్ష రాయడానికి అనుమతి రావాలి. నైట్ డ్యూటీలు తగ్గించమని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని ఇప్పుడే అడుగు. నాన్నకి ఈ ఆదివారమే ఫోన్ చెయ్యమ్మా.