పాఠకుల ప్రశ్నలు: జ్ఞానోదయ యుగపు తత్వవేత్తలతో నేటికి పనేముంది?

ప్రశ్న: స్వేచ్ఛ, సమానత్వం, హేతువు అంటూ 18వ శతాబ్దపు యూరప్ తత్వవేత్తలను ఇప్పటికీ కొనియాడుతున్నారు. వారి ఆలోచనలకు మూలపురుషులనదగ్గ వారిలో కొందరికి బానిస వ్యాపారంతో సంబంధం ఉందనీ, స్త్రీలను వారు పౌరులుగా లెక్కించనే లేదనీ ఈ మధ్య చదివాను. అలాంటివారి నీతి, రాజకీయ సిద్ధాంతాలు మనకెందుకు?

జవాబు: మీరు చదివింది నిజమే, దాన్ని తేలిక చేసి చెప్పవలసిన అవసరం లేదు. పాలితుల సమ్మతి లేనిదే ప్రభుత్వాధికారం చెల్లదని వాదించిన 17వ శతాబ్దపు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్, ఆఫ్రికన్లను బానిసలుగా అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో డబ్బు పెట్టాడు. మనుషులందరూ సమానులని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఆడపిల్లల చదువంతా మగవారికి అనుకూలంగా ఉండాలని ఫ్రెంచి తత్వవేత్త రూసో 1762లో రాశాడు.

అయితే ఇది అన్యాయమని అదే కాలంలో ఎవరు, ఏ వాదనతో అన్నారో కూడా చూడాలి. ఫ్రాన్సు 1789లో ప్రకటించిన పౌరహక్కులు స్త్రీలకు దక్కకపోవడంతో ఫ్రెంచి రచయిత్రి ఒలింప్ ద గూజ్ 1791లో ఆ ప్రకటన నమూనాలోనే స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. వధ్యవేదిక ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు ప్రసంగవేదిక ఎక్కే హక్కూ ఉండి తీరాలని అందులో వాదించింది. 1793లో ఆమెను గిలటిన్‌కు బలి ఇచ్చారు. ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌లో 1791లో బానిసలు తిరగబడడానికి కారణం పారిస్ కరపత్రాలు కాదు, చెరకు తోటల్లోని నరకమే. అయినా వారి నాయకులు ఫ్రాన్సు చెప్పుకున్న హక్కుల గురించి ఫ్రాన్సునే నిలదీశారు. 1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ దాన్ని పునరుద్ధరించబూనితే, 1804లో ఆ వలసే హైతీ పేరుతో స్వతంత్ర దేశంగా నిలిచింది. అధికారం చెలాయించేవాడు దానికి లోబడేవారు ఒప్పుకోగల కారణం చూపాలన్న పట్టుదలను ఆ తత్వవేత్తలు లోకంలోకి వదిలారు, అది వారిని కూడా వదిలిపెట్టలేదు. నా దృష్టిలో వారిని చదవవలసింది ఇందుకే గాని, వారి శీలం చూసి కాదు.

ఇక నేటికి అన్నిటికంటే దగ్గరగా తోచేది న్యాయవిచారణ గురించి వారు చేసిన ఆలోచన. 1761లో తులూజ్ నగరంలో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంటు వర్తకుడి కొడుకు ఇంట్లోనే శవమై కనిపించాడు. కొడుకు క్యాథలిక్ మతంలోకి మారబోతుంటే తండ్రే చంపాడని గుంపులో ఎవరో అన్నారు, ఊరంతా నమ్మింది, న్యాయస్థానమూ నమ్మింది. 1762 మార్చిలో ఆ వృద్ధుణ్ణి చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. చివరి క్షణం దాకా తాను నిర్దోషినేనన్నాడు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ పట్టుబట్టి ఉద్యమం నడపగా 1765లో ఆయన నిర్దోషిత్వాన్ని అధికారికంగా ప్రకటించారు. ఈలోగా, 1764లో, ఇరవై ఆరేళ్ల ఇటలీ రచయిత బెకారియా నేరాలూ శిక్షల మీద పేరు వేసుకోకుండా ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. చిత్రహింస పెడితే ఓర్చుకోలేని నిర్దోషి నేరం ఒప్పుకుంటాడనీ, కండబలమున్న దోషి తప్పించుకుంటాడనీ, నేరాన్ని అరికట్టేది శిక్ష ఎంత క్రూరమైనదన్నది కాక అది ఎంత తప్పనిసరిగా పడుతుందన్నదేననీ వాదించాడు. 1786లో ఇటలీలోని టస్కనీ రాజ్యం మరణశిక్షను రద్దు చేయడం వెనుక ఈ పుస్తకం ప్రభావం ఉంది. ఒక పుకారు గంటలో లక్షలమందికి చేరి, విచారణ మొదలుకాకముందే శిక్ష పడాలని కేకలు వినిపించే కాలంలో బెకారియా పాతబడ్డాడని నేననలేను.

వారి చూపు చేరని చోట్లూ ఉన్నాయి. ఇంకా పుట్టని తరాలకు మనం ఏం బాకీపడి ఉన్నామన్న ప్రశ్నకు సామాజిక ఒప్పందం, అంటే ప్రజలు తమలో తాము ఒప్పుకున్నందువల్లే ప్రభుత్వాధికారం పుట్టిందన్న వారి సిద్ధాంతం, తేలిగ్గా జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ తరాలు ఒప్పందానికి రాలేవు.

ప్రశ్న: ఏ సందేహానికైనా యంత్రమే జవాబు చెబుతున్నప్పుడు, సొంతంగా ఆలోచించమన్న కాంట్ మాటకు అర్థముందా?

జవాబు: జర్మన్ తత్వవేత్త కాంట్ సొంతంగా ఆలోచించమన్నది 1784లో రాసిన 'జ్ఞానోదయం అంటే ఏమిటి?' అన్న వ్యాసంలో; దాన్ని రాసింది కూడా ఒక బెర్లిన్ మాసపత్రికలో వచ్చిన ప్రశ్నకు జవాబుగానే. నా బదులు అర్థం చేసుకునే పుస్తకం, నా అంతరాత్మ బదులు మతగురువు, నా ఆహారం నిర్ణయించే వైద్యుడు ఉంటే నేనిక శ్రమపడనక్కరలేదు కదా అని అందులో ఎత్తిపొడిచాడు. యంత్రాన్ని ఆ వరసలో నాలుగోదిగా చేర్చుకోవచ్చు. ఇతరుల నుంచి నేర్చుకోవద్దని ఆయన అనలేదు; సోమరితనంతోనో పిరికితనంతోనో తీర్పును ఇతరులకు అప్పగించడాన్నే తప్పుపట్టాడు. సైనికాధికారి విధిలో ఉండగా ఆజ్ఞ పాటించాలి గాని, సైన్యంలోని లోపాలను పండితుడిగా పదిమంది ముందు రాయవచ్చనడం, తన రాజ్యమైన ప్రష్యా రాజును నొప్పించకుండా జాగ్రత్తపడినట్టే ఉంటుంది. కాని పదిమంది ముందు పెట్టడమన్న షరతు మాత్రం గట్టిది. కనుక యంత్రం ఇచ్చిన జవాబుకు కారణాలు అడగండి, ఆ కారణాలను మీతో ఏకీభవించని మనిషి ముందు పెట్టి అవి నిలుస్తాయేమో చూడండి.